చాంగ్ తాత వడ్డించిన సూపు

రండి, రండి, అలా గోడవారగా నిలబడిపోకండి, చాప ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మా, బిడ్డని ఒళ్ళో వేసుకుని కాస్త ఇటు జరుగు, వెనకాల పెద్దాయనకి కూడా వినబడాలి. ఈ సాయంత్రం మనందరినీ చల్లగా ఒకచోట కూర్చోబెట్టిన పైవాడికి ముందుగా ఒక దణ్ణం. ఇక వినండి. మన తిరువూరులో కోతలు కోసేవాళ్ళకి ఏనాడూ కరువు లేదు గానీ, హుమాయున్ కోసినన్ని కోతలు వరికోత మిషన్లు కూడా కొయ్యలేవు.

ఈ హుమాయున్ వయసంతా లారీ మీదే గడిపినవాడు. రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు ఎక్కించుకుని నాగపూర్ అనీ, కలకత్తా అనీ తిరిగాడు. ఇప్పుడు లారీ కొడుకు తోలుతున్నాడు. "కొడుకు బండి తోలుతున్నాడు, ఈయన నోరు తోలుతున్నాడు, బ్రేకుల్లేకుండా" అంటుంది ఆయన భార్య లాల్‌బీ. ఆ మాట హుమాయున్ దగ్గర అంటే, "బ్రేకులు ఎందుకు లేవు, నమాజు వేళకి ఆగుతున్నానుగా" అంటాడు. అదీ నిజమే. ఎంత పెద్ద కోత మధ్యలో ఉన్నా, మసీదులో పిలుపు వినబడిందంటే అక్కడికక్కడే వాక్యం వదిలేసి లేచిపోతాడు. నమాజు అయ్యాక తిరిగొచ్చి సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకుంటాడు.

ఆయనకి ముగ్గురు స్నేహితులు. ఒకడు కృపానందం, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు, హుమాయున్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. రెండోవాడు హబీబ్, పంక్చర్ షాపు. మూడోవాడు సురేష్ బాబు, విజయవాడ బస్సులో కండక్టరు, నలుగురిలో చిన్నవాడు. ఈ నలుగురూ నెలకో ఆదివారం బస్టాండుకి అవతల సల్మాన్ పెట్టిన చైనీస్ హోటల్లో కలుస్తారు. ఆ హోటలు బోర్డు మీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది. వేసినవాడు డ్రాగన్‌ని ఎప్పుడూ చూడలేదేమో, మీసాలు పెట్టుకున్న ఉడుములా ఉంటుంది. కానీ సల్మాన్ చేతివంట మాత్రం వంక పెట్టడానికి లేదు.

అక్కడ వీళ్ళది ఒక పద్ధతి. ఎవరికిష్టమైంది వాళ్ళు చెబుతారు. హుమాయున్‌కి చిల్లీ చికెన్, సురేష్ బాబుకి గోబీ మంచూరియా, హబీబ్‌కి ఎగ్ నూడుల్స్, కృపానందానికి హాట్ అండ్ సోర్ సూపు. అన్నీ బల్ల మధ్యలో పెడతారు. ఎవరు చెప్పింది వాళ్ళే తమ చేత్తో మిగతా ముగ్గురికీ వడ్డించాలి, ఆ తర్వాతే తాము వేసుకోవాలి. ఈ పద్ధతి పెట్టింది మాస్టారే. వడ్డనకి ముందు కృపానందం కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేస్తాడు, హుమాయున్, హబీబ్ బిస్మిల్లా అనుకుంటారు, సురేష్ బాబు ఆమెన్ కూడా అంటాడు, బిస్మిల్లా కూడా అంటాడు, రెండూ అనేశాక మంచూరియా వైపు చూస్తాడు. ఎన్ని ఏళ్ళుగానో ఇదే వరస.

అలాంటిది, మాస్టారి కుడిచేతికి వణుకు పట్టుకుంది. విజయవాడలో డాక్టరు మందులు రాశాడు, వాడుతున్నాడు, అయినా చెయ్యి తన మాట వినడం మానేసింది. కిందటిసారి సూపు వడ్డిస్తుంటే గరిటె వణికి, వేడి సూపు సురేష్ బాబు చొక్కా మీద పడింది. సురేష్ బాబు చాలా మంచివాడు. చొక్కా సంగతి చూసుకోలేదు, ఒక్క మాటా అనలేదు. ఎంతో ప్రేమగా మాస్టారి చేతిలోంచి గరిటె తీసేసుకుని, "మీరు కూర్చోండి మాస్టారూ, నేను వడ్డిస్తాగా" అన్నాడు.

అంతే. ఆ రోజు మాస్టారు సూపు ముట్టుకోలేదు. ఆ తర్వాతి నెల "ఒంట్లో నలతగా ఉంది, మీరు వెళ్ళండి" అని కబురు పంపాడు. ఆ పై నెల కబురు కూడా లేదు. ముగ్గురూ సల్మాన్ హోటల్లో కూర్చుని సూపు చెప్పకుండా, నాలుగో కుర్చీ వైపు చూడకుండా తిని లేచారు. హుమాయున్ ఆ రోజు ఒక్క కోత కూడా కొయ్యలేదు. సల్మాన్ కంగారుపడి, "ఏం చాచా, జ్వరమా?" అని కూడా అడిగాడు.

ఈ నెల ఆదివారం సాయంత్రం నమాజు అయ్యాక హుమాయున్ కాసేపు అక్కడే కూర్చున్నాడు. "యా అల్లా, ఇన్నేళ్ళూ ఈ నోటిని ఉత్తి పుణ్యానికి వాడాను. ఇవాళ ఒక్కపూట పనికొచ్చేట్టు చెయ్యి. కృపా మళ్ళీ గరిటె పట్టుకోవాలి. నాకింకేం వద్దు" అని అడిగాడు. లేచి తిన్నగా సల్మాన్ దగ్గరికెళ్ళి నాలుగు రకాలూ పార్సిల్ కట్టించాడు. సూపు మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొయ్యబోతే ఒప్పుకోలేదు, ఇంటి నుంచి తెచ్చిన స్టీలు క్యారేజీలో పోయించాడు. హబీబ్‌నీ, సురేష్ బాబునీ వెంటేసుకుని చర్చి వీధిలో కృపానందం ఇంటికి నడిచాడు.

వరండాలో కృపానందం భార్య ప్రేమకుమారి బియ్యం ఏరుతోంది. వీళ్ళని చూసి చేట పక్కన పెట్టి లేచింది.

"రండి అన్నయ్యా. ఆయన పడుకున్నారు" అంది మెల్లగా. "పడుకున్నారా అంటే పడుకోలేదు. గోడ వైపు తిరిగి ఉన్నారు."

"లేపకు చెల్లెమ్మా, లేపకు" అన్నాడు హుమాయున్ వీధి చివరిదాకా వినబడేట్టు. "మేమేదో ఇటు పోతూ కాసేపు కూర్చుందామని వచ్చాం. నాలుగు గిన్నెలూ, ఒక గరిటే ఇయ్యి చాలు."

గది గుమ్మానికి తెర వేసి ఉంది. తెర అవతల నవారు మంచం. హుమాయున్ తెరకి వీపు పెట్టి, ఆ మంచం చప్పుడు వినబడేంత దగ్గరగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. హబీబ్ సురేష్ బాబు వైపు చూసి, "సెల్ఫు కొట్టాడు, ఇక బండి కదుల్తుంది" అన్నాడు.

"సూపు చూస్తే గుర్తొచ్చింది లే. పెద్ద విషయమేం కాదు" అని మొదలెట్టాడు హుమాయున్. "నేనొకసారి కలకత్తాలో, చైనావాళ్ళుండే పేటలో, ఒక గిన్నెడు సూపు తాగాను. అంతే. చెప్పుకోదగ్గ సంగతి కూడా కాదు."

"అయితే చెప్పకు" అన్నాడు హబీబ్.

"నువ్వు అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నా. అప్పుడు నా బండి నిండా రెడ్డిగూడెం బంగినపల్లి. కలకత్తా మండీలో దించాలి. తోవ తప్పి చైనావాళ్ళ సందులోకి వెళ్ళిపోయా. ఆ సందెంత ఇరుకంటే, ఎదురుగా పిల్లి వస్తే మనిషి గోడెక్కాలి. నా లారీ ఏం చేసిందో తెలుసా? తన రెండద్దాలూ చెవుల్లాగా వెనక్కి మడుచుకుంది, గట్టిగా ఊపిరి పీల్చి పొట్ట లోపలికి లాక్కుంది, మెల్లగా దూరింది. అవతలికెళ్ళాక వదిలిందయ్యా ఊపిరి! వీధిలో ఆరేసిన బట్టలన్నీ ఎగిరిపోయాయి."

"పంక్చర్ అయ్యుంటుంది" అన్నాడు హబీబ్.

ప్రేమకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర వెనక చప్పుడు లేదు. హుమాయున్ గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఆ సందు చివర ఒక హోటలు. బయట జనం, తిరణాలే అనుకో. ఏంటయ్యా ఇదంతా అంటే, సూపు కోసమన్నారు. నాకప్పుడు పాత జలుబు. పుట్టినప్పట్నుంచీ ఉన్న జలుబది, మా అమ్మకి కూడా తెలుసు. సరే, తాగి చూద్దామని కూర్చున్నా. తెచ్చి పెట్టారు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నానో లేదో, కుడి చెవిలోంచి పులుపు, ఎడమ చెవిలోంచి కారం, రెండూ పొగలై వచ్చి నెత్తి మీద కలుసుకున్నాయి. జలుబు నన్నొదిలి పరుగో పరుగు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాయన ముక్కులో దూరింది, పాపం ఆయన సూపు ఇంకా రాలేదు."

"మరి ఆయన?" అన్నాడు సురేష్ బాబు.

"ఆయన తాగాక పక్కాయన ముక్కులోకెళ్ళింది. అలా హోటలంతా తిరిగి సాయంత్రానికి ఊరు దాటిపోయింది. సర్లే, జలుబు సంగతి కాదు నేను చెప్పేది. అసలు సంగతి వంటగదిలో ఉంది. ఇంత సూపు చేసిన మహానుభావుణ్ణి చూడాలి కదా? లోపలికెళ్ళా. చూస్తే ఏముంది, కుర్రాళ్ళు, నిటారుగా నిలబడి, చేతులు ఇనప కడ్డీల్లా ఉన్నవాళ్ళు. వాళ్ళు ఏం చేస్తున్నారనుకున్నారు?"

"వంట" అన్నాడు హబీబ్.

"అంట్లు తోముతున్నారు! అందరూ అంట్లే! గరిటె మాత్రం ఒక ముసలాయన చేతిలో ఉంది. ఆయన పేరు చాంగ్ తాత. ఆయన చెయ్యి..." హుమాయున్ ఆగాడు. వీపుతో తెరని కొంచెం వెనక్కి నొక్కాడు. "ఆయన చెయ్యి వణుకుతోంది."

సురేష్ బాబు తల వంచుకుని తన చొక్కా అంచు చూసుకున్నాడు. ప్రేమకుమారి చేట తీసుకుంది, కానీ బియ్యం ఏరలేదు. తెర అవతల మంచం కిర్రుమంది.

హుమాయున్ ఆ చప్పుడు విన్నాడు. అల్లా విన్నాడనుకున్నాడు. ఇక ఆగలేదు.

"అయ్యో, ఏంటి తాతా, నీ చెయ్యిలా అయిపోయిందే అన్నా. ఆయన నవ్వాడు. పిచ్చోడా, అన్నాడు, మా దేశంలో చెయ్యి వణికేదాకా ఎవరికీ గరిటె ఇవ్వం. కుదురుగా ఉన్న చెయ్యి సూపు ముంచిందనుకో, పైనున్న కారం పైనే వస్తుంది, అడుగునున్న పులుపు అడుగునే ఉండిపోతుంది. వణికే చెయ్యి ముంచితేనే పైదీ కిందదీ కలిసి, తాగేవాడికి అసలు రుచి తెలుస్తుంది. ఈ చెయ్యి కోసం నేను నా ఆయుష్షంతా ఎదురుచూశాను, అన్నాడు."

"ఇదంతా ఏ భాషలో అన్నాడు?" అన్నాడు సురేష్ బాబు, తల ఎత్తకుండానే.

"చైనా భాషలో."

"నీకెలా అర్థమైంది భాయ్?"

"సూపు తాగాక వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బరంపురం దగ్గర వేడి టీ తాగా, పోయింది."

తెర వెనక ఎవరో దగ్గారు. నవ్వాపుకునే దగ్గు. ఆ దగ్గు హుమాయున్‌కి చిన్నప్పట్నుంచీ తెలుసు, లెక్కల క్లాసులో వినేవాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చాంగ్ తాత వడ్డన మొదలెట్టాడు. ఒక గరిటె ముంచాడు, బల్ల మీద పింగాణీ పళ్ళాలు వాటంతటవే ఆడాయి. రెండోది ముంచాడు, హోటలు కిటికీలు టకటకా తాళం వేశాయి. మూడోది ముంచేసరికి హౌరా వంతెన ఊగడం మొదలెట్టింది! గంగలో పడవలవాళ్ళు కేకలు. భూకంపాల ఆఫీసు వాళ్ళు జీపేసుకుని వచ్చారు. దణ్ణాలు పెట్టి, అయ్యా తాతగారూ, ఇవాళ పరీక్షలున్నాయి, పిల్లలు రాసుకోవాలి, కాస్త నిదానంగా వడ్డించండి అన్నారు. తాత వాళ్ళకి కూడా తలో గిన్నె ఇచ్చాడు. తాగి వెళ్ళిపోయారు. ఆ రోజు భూకంపం రాలేదని రాసుకున్నారు."

"మన ఊరిదాకా రాలేదా మరి?" అంది ప్రేమకుమారి.

"రాకపోవడమేంటి చెల్లెమ్మా! గుర్తు తెచ్చుకో. ఒక మధ్యాహ్నం మీ ఇంట్లో గూట్లో గిన్నెలు గలగలమనలేదూ?"

"అది పిల్లి అనుకున్నానే!"

"పిల్లే! భయపడి గూట్లోకి దూకింది. ఎందుకు భయపడింది? అదీ సంగతి."

తెర కదిలింది. కృపానందం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి కుడిచేతికి చుట్టుకుని, ఆ చేతిని ఎడమచేత్తో పొట్టకి అదిమి పట్టుకున్నాడు. గెడ్డం బాగా మాసి ఉంది. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ పలకరించలేదు. పలకరిస్తే లేచి వెళ్ళిపోతాడేమోనని భయం. ఒక్క హబీబ్ మాత్రం, "ఏంటి సార్, భూకంపానికి మెలకువ వచ్చిందా?" అన్నాడు.

"కానీయండి" అన్నాడు కృపానందం.

హుమాయున్ వెనక్కి తిరగలేదు. తిరిగితే తన కళ్ళు తనని పట్టిచ్చేస్తాయని తెలుసు. వీధివైపే చూస్తూ చెప్పుకుపోయాడు.

"నాకు ఆశ పుట్టింది. తాతా, నాకూ నేర్పు అని కాళ్ళు పట్టుకున్నా. ముందు చెయ్యి వణికించి చూపించు అన్నాడు. నా వల్ల కాలేదు. లారీ ఇంజను ఆన్ చేసి, బానెట్ మీద చెయ్యి పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చున్నా. పళ్ళు వణికాయి, టోపీ వణికింది, లారీలో మామిడికాయలు వణికి వణికి వాటంతటవే ముగ్గిపోయాయి, చెయ్యి మాత్రం కదల్లేదు! తాత నా చెయ్యి చూసి చాలా బాధపడ్డాడు. నాయనా, నీకీ యోగం లేదు, వెళ్ళి లారీ తోలుకో అన్నాడు. పంపేటప్పుడు మాత్రం ఒక మాటన్నాడు. మీ ఊళ్ళో ఎప్పటికైనా ఒకడికి ఈ చెయ్యి వస్తుంది. వచ్చిన రోజు నాకు కబురు పెట్టు. నేనే రైలెక్కి విజయవాడలో దిగి, తిరువూరు బస్సెక్కి వచ్చి, వాడి చేతి సూపు తాగి పోతాను, అన్నాడు."

"బస్సులో సీటు ఉంచుతాలే" అన్నాడు సురేష్ బాబు.

"అంత పెద్దాయన చూడ్డానికి ఎలా ఉంటాడు భాయ్?" అన్నాడు హబీబ్. వాడూ ఇప్పుడు వెటకారం మానేసి, కథకి తనవంతు తోపు తోస్తున్నాడు.

"ఎలా ఉంటాడా! మొహం అద్దమనుకో. ఆ బుగ్గలో చూసుకుని నేను తల దువ్వుకున్నా. మచ్చుకి ఒక్క వెంట్రుక లేదు గెడ్డం మీద. రోజూ తెల్లవారకముందే లేచి నున్నగా గీసుకుంటాడు. ఎవరి సాయమూ లేదు, తనే, కత్తితో..."

"ఏ చేత్తో?" అన్నాడు కృపానందం.

"ఆ చేత్తోనే! ఆ వణికే చేత్తోనే కృపా, ఒక్క గీటు పడకుండా..."

"గీసుకోలేడురా."

మెల్లగానే అన్నాడు. క్లాసులో తప్పు జవాబు చెప్పిన పిల్లాడితో అన్నట్టు, కోపం లేకుండా. హుమాయున్ మాట మధ్యలోనే ఆగిపోయింది. మసీదు పిలుపు లేకుండా ఆయన మాట అలా ఆగడం అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు.

"మిగతాదంతా నమ్మాను" అన్నాడు కృపానందం. "లారీ ఊపిరి పీల్చిందన్నావు, సరే. వంతెన ఊగిందన్నావు, ఊగనీ. కానీ చెయ్యి వణికేవాడు గెడ్డం గీసుకోలేడురా హుమాయూ. నేను ప్రయత్నించా. బ్లేడు ఇక్కడ పెడితే అక్కడ తగులుతుంది." తుండుగుడ్డ చుట్టిన చేత్తోనే మాసిన గెడ్డం ఒకసారి తడుముకున్నాడు. దవడ కింద చిన్న చిన్న గాట్లు, ఎండిపోయి నల్లబడి ఉన్నాయి. "దీన్ని అడగలేకపోయా" అన్నాడు భార్య వైపు చూసి. "పిల్లాడికి గీసినట్టు గీయమని ఎలా అడగను?"

ప్రేమకుమారి చేటలోకి తల వంచుకుంది.

హుమాయున్ అప్పుడు వెనక్కి తిరిగాడు. స్నేహితుడి దవడ కింది గాట్లు చూశాడు.

"గీసుకోలేడు" అన్నాడు చివరికి. "అసలు తాతే లేడు కృపా. కలకత్తాలో నేను సూపు తాగింది లేదు. మండీలో కాయలు దించేసి, లారీ కింద చాపేసుకుని పడుకుని, తెల్లారి బయల్దేరి వచ్చేశా. అంతే."

"తెలుసు."

"తెలుసా?"

"ఎప్పుడూ తెలుసు. మరి ఇంత ఎందుకురా?"

"నువ్వు రావట్లేదు. నీ చెయ్యి మంచిదే అని చెబుదామనుకున్నా."

"నా చెయ్యి మంచిది కాదు. పాడైపోయింది. వణుకుతోంది."

హుమాయున్ నోరు తెరిచాడు. ఏదో ఒకటి అల్లడం ఆయనకి ఎంతసేపు! కానీ అల్లలేదు.

"అవును" అన్నాడు. "వణుకుతోంది."

వణుకు మొదలైన దగ్గర్నుంచీ ఆ మాట ఎవరూ మాస్టారి ఎదురుగా అనలేదండీ. డాక్టరు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. ప్రేమకుమారి నీరసం అంది. సురేష్ బాబు గరిటె తీసుకున్నాడు. చిన్నప్పట్నుంచీ అబద్ధాలు తప్ప చెప్పని స్నేహితుడే ఆ నిజం చెప్పాడు. కృపానందం ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. తుండుగుడ్డ విప్పి ఒళ్ళో వేసుకున్నాడు. చెయ్యి దాని ఇష్టం వచ్చినట్టు అది ఆడింది. ఆడనిచ్చాడు.

"సూపు ఎవరు చెప్పారు?" అన్నాడు క్యారేజీ వైపు చూసి.

"నువ్వే" అన్నాడు హుమాయున్.

"ఇంట్లో గోడకి తిరిగి పడుకున్నవాణ్ణి నేనెప్పుడు చెప్పాన్రా?"

"నీ తరఫున నేను చెప్పా."

"అయితే గరిటె ఇటియ్యి."

ప్రేమకుమారి క్యారేజీ మూత తీసింది. కృపానందం కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చిన్నదే, ఎప్పుడూ చేసేదే: ఈ తిండికీ, దీన్ని పంచుకునే వాళ్ళకీ నీకు స్తోత్రం. ఆమెన్ దగ్గర ఆగిపోయాడు, మిగతా ముగ్గురూ వాళ్ళ వాళ్ళ మాటల్లో పూర్తి చేశారు. మాస్టారు గరిటె పట్టుకున్నాడు. ముంచాడు. పైకి లేపాడు. గరిటె ఎడమకి ఊగింది, అంచు మీంచి సూపు చిందింది.

సురేష్ బాబు అలవాటు కొద్దీ లేవబోయాడు. హుమాయున్ అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టాడు. తన గిన్నె రెండు చేతులతో పట్టుకుని ముందుకి జరిగాడు. గరిటె ఎడమకి పోతే గిన్నె ఎడమకి జరిపాడు. గరిటె కుడికి వస్తే గిన్నె కుడికి తెచ్చాడు. గరిటె ఉన్నట్టుండి పైకి లేస్తే, గిన్నె పట్టుకుని మోకాళ్ళ మీద లేచాడు. కళ్ళు గరిటె మీదే. ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగు తిప్పిన చేతులవి, ఎటు పోతోందో ముందే తెలుసుకుంటున్నాయి.

"కొంచెం రైటు... రైటు... హోల్డాన్!" అన్నాడు హబీబ్, లారీ రివర్సు చేయించే క్లీనరులా వరండా గోడ తడుతూ.

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి ఇంకా ఊగింది. కాస్త సూపు గచ్చు మీద పడింది, కాస్త హుమాయున్ మణికట్టు మీద పడింది, మిగతాదంతా గిన్నెలో పడింది. గిన్నె నిండింది. తర్వాత హబీబ్ తన గిన్నె పట్టాడు, వాడూ అలాగే జరిపాడు. చివర సురేష్ బాబు వచ్చి మాస్టారి ముందు మోకరించి కూర్చున్నాడు. అతని గిన్నె మొదట సరిగ్గా జరగలేదు, సూపు మళ్ళీ చొక్కా మీదే పడింది. "ఉండనీయండి మాస్టారూ" అన్నాడు, "ఈ చొక్కాకి మీ సూపు అలవాటైంది." కళ్ళు తుడుచుకుంటూనే గిన్నె ఇంకాస్త ముందుకి చాపాడు.

"రేపు పొద్దున్నే వచ్చి నన్ను మంగలి షాపుకి తీసుకెళ్ళరా" అన్నాడు కృపానందం హుమాయున్‌తో, గరిటె ఇంకా చేతిలోనే ఉంచుకుని.

"వస్తా."

"వచ్చేటప్పుడు తోవలో చైనా వెళ్ళిరాకు."

"లేదులే. తిన్నగా వస్తా."

అందరూ హుమాయున్ వైపే చూస్తున్నారు. మొదట వడ్డించింది ఆయనకే కాబట్టి మొదటి గుక్క ఆయన తాగాలి. తాగి ఇప్పుడు ఏ లోకాలు ఊగాయంటాడో, ఏ నదులు పొంగాయంటాడో అని. హుమాయున్ గిన్నె ఎత్తి ఒక గుక్క తాగాడు. కాసేపు నోట్లో ఉంచుకున్నాడు. మింగాడు.

"ఎలా ఉందిరా?" అన్నాడు కృపానందం.

"చల్లారిపోయింది" అన్నాడు హుమాయున్. గిన్నె మళ్ళీ ముందుకి చాపాడు. "ఇంకో గరిటె పొయ్యి."

ఇదండీ జరిగింది. కలకత్తా మర్చిపోండి, వంతెన మర్చిపోండి, పిల్లిని కూడా మర్చిపోండి. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకుని ఇంటికెళ్ళండి: ఆ మనిషి స్నేహితుడి చేతిలో గరిటె లాక్కోలేదు, తన గిన్నె జరిపాడు. దేవుడి దయవల్ల మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక చెయ్యి వణికిన రోజున, మీరూ అలా గిన్నె జరపండి. జరిపాక, దీన్ని ఇంకొకరికి చెప్పండి.